జానెడు తక్కువ నాలుగు మీటర్లు

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. హాజరు పట్టీలో అదే రాసుంటుంది. కానీ స్టేడియంలో ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని ఆయనే చుట్టూ చూస్తాడు. అదే "గీతలాయనా!" అనండి, గ్యాలరీ అవతలి కొస నుంచైనా సరే "ఆఁ, వస్తున్నా" అని జవాబొస్తుంది. పాతికేళ్లుగా ఆయన చేసే పని గీతలు గీయడం. మధ్యలో ఫుట్‌బాల్ మైదానం, దాని చుట్టూ మట్టి ట్రాక్. మైదానానికి హద్దులు, పెనాల్టీ పెట్టె, నడిమి గుండ్రం. ట్రాక్‌కి ఆరు వరసలు. సున్నం బండి తోసుకుంటూ నడుస్తాడు, వెనకాల తెల్లటి గీత పడుతుంది. వాన పడితే పోతుంది, మళ్లీ గీస్తాడు. ఓస్, ఇంతేనా పని అంటారా? ఏదీ, ఒక్కరోజు ఆ బండి పట్టుకుని నాలుగడుగులు తిన్నగా తోయండి చూద్దాం. పాము పాకినట్టు రాకపోతే నన్నడగండి.

తిన్నటి గీత ఒక ఎత్తు, వంపు ఒక ఎత్తు. ట్రాక్‌కి అటొక వంపు, ఇటొక వంపు. ఒక్కో వంపుకీ నడిమధ్యన గడ్డిలో ఒక ఇనపగొట్టం పాతి ఉంటుంది, దానికో మూత. మూత తీసి, గొట్టంలో మేకు దించి, మేకుకి తాడు తగిలించి, రెండో కొస పట్టుకుని చుట్టూ నడవాలి. ముప్పై ఆరున్నర మీటర్ల దగ్గర తాడుకి ఎర్రగుడ్డ కట్టిన ముడి ఒకటుంటుంది. ఆ ముడి ఎక్కడికొస్తే గీత అక్కడే. ఈ విద్య ఆయనకి వాళ్ల నాన్న నేర్పాడు. ఆ నాన్న కూడా ఇదే స్టేడియంలో గీతలాయనే.

"బిగిసుండాలిరా. వేలితో మీటితే మోగాలి. వదులుగా పట్టుకున్నావో, వంపు ముసలాడి నడుములా తయారవుతుంది" అనేవాడు నాన్న.

ఆ మాట ఆయన వేదవాక్కులా పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తాడు వదులుగా పట్టుకోలేదు. కొంప ముంచింది కూడా అదే. ఆ సంగతికి తర్వాత వద్దాం.

గ్యాలరీ మెట్ల కింద, వీధివైపు మూడు షట్టర్లున్నాయి. ఒకటి సైకిలు రిపేరు, రెండోది ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలీదు, మూడోది ఆయన భార్యది. టైలరమ్మ అంటే ఊరందరికీ తెలుసు. ఫుట్‌బాల్ జట్లకి చొక్కాలు కుట్టేదీ, వీపు మీద నంబర్లు వేసేదీ ఆవిడే. ఆవిడ నోట్లో రెండు మాటలు ఎప్పుడూ నానుతుంటాయి. ఒకటి, పని నేర్చుకోడానికి వచ్చే ఆడపిల్లలకి.

"సాగే గుడ్డతో ఆటలొద్దే! కొలిచేటప్పుడు ఎలా పరిచావో, కత్తిరించేటప్పుడూ అలాగే ఉండాలి. ఓసారి వదులు, ఓసారి లాగుడు అయిందా, ఆ చొక్కా ఏనుగుకి తొడగాల్సిందే."

రెండోది, పరుగుపందాలకి ముందు నంబరు గుడ్డ కుట్టించుకోడానికి వచ్చేవాళ్లకి. "చివరి వంపులో వెనక్కి చూడకమ్మా. నేను చూశాను. ఇదిగో, చూశావుగా, మిషను ముందు కూర్చున్నాను." ఇది నవ్వుతూనే అంటుంది. విన్నవాళ్లూ నవ్వేస్తారు. గోడకి అవతల తాళ్లూ, వలలూ, సున్నం బస్తాలూ ఉన్న స్టోరు గదిలో కూర్చుని వినే గీతలాయన మాత్రం నవ్వడు.

ఎందుకంటే ఆ పరుగు ఆయన చూశాడు. ఇరవై రెండేళ్ల కిందటి మాట. ఆమెకి పందొమ్మిది. ఎనిమిది వందల మీటర్లు, అంటే ట్రాక్ చుట్టూ రెండు చుట్లు. పై ఊళ్లో శిక్షణ శిబిరానికి ఎంపిక జరుగుతోంది. రెండు నిమిషాల పదహారు సెకన్లలోపు వచ్చినవాళ్లని తీసుకుంటారు, రానివాళ్లు ఇంటికి. ఆ రోజు మైదానంలో ఆమె దరిదాపుల్లోకి ఎవరూ రాలేదు. చివరి వంపులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరైనా వస్తున్నారా అని తల తిప్పి చూసింది. గీత దాటింది. గడియారం రెండు పదహారు పాయింట్ నాలుగు చూపించింది. నాలుగు పదోవంతులు! రెప్ప వేసి తీసినంత. ఆ రెప్పపాటుకి శిబిరం పోయింది, ఊరుదాటే బస్సు పోయింది. ఈ మైదానానికి మాత్రం అదే రికార్డు అయి కూర్చుంది. గ్యాలరీ గోడకున్న రేకు బోర్డు మీద "మహిళలు, 800 మీటర్లు, 2:16.4" అని ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత పదిరోజులు ఆమె రోజూ సాయంత్రం వచ్చి గ్యాలరీ మూడో మెట్టు మీద కూర్చునేది. ఏడ్చేది కాదు, ఎవరితో మాట్లాడేదీ కాదు. అప్పటికి నాన్న పని దిగిపోయి గీతల బాధ్యతంతా కొత్తగా కొడుకు మీద పడింది. నాలుగో రోజు మంచినీళ్లు పట్టుకెళ్లి ఇచ్చాడు. తాగింది. గ్లాసు తిరిగిస్తూ అడిగింది.

"ఆ వంపు గీసింది నువ్వేనా?"

"ఆఁ."

"చాలా బాగా గీశావు. ఎక్కడా చెయ్యి వణకలేదు. తప్పంతా నాదే, వెనక్కి చూశాను."

మంచినీళ్ల గ్లాసు కాస్తా మాటలయింది, మాటలు పెళ్లయ్యాయి. పెళ్లయ్యాక నలుగురి ముందూ "మీరు" అనడం మొదలుపెట్టింది. ఎలా కుదిరిందమ్మా మీ సంబంధం అని ఎవరడిగినా ఆవిడది ఒకటే జవాబు. "ఆయన గీసిన వంపు చూసి పడిపోయానండి. అంత శుభ్రంగా గీసినవాడు మనిషి కూడా శుభ్రంగానే ఉంటాడనిపించింది." వాళ్లింట్లోనే ఉండే గీతలాయన అత్తగారు వెంటనే అందుకునేది: "నయం, పెనాల్టీ పెట్టె చూసి పడిపోలేదు, గోలుకీపరుని తెచ్చేది." ఈ హాస్యం ఇరవై రెండేళ్లుగా నడుస్తోంది. ప్రతిసారీ గీతలాయన చెవులు ఎర్రబడేవి, లోపల ఎక్కడో పొంగిపోయేవాడు. దాచుకోవడమెందుకు, మనిషన్నాక భార్య మెచ్చుకుంటే ఉబ్బడా?

ఇంకో ముచ్చట చెప్పాలి. ఆ రికార్డు తర్వాత ఈ మైదానంలో మరో రికార్డు పడలేదు. నాలుగు వందలు, పదిహేను వందలు, అన్నీ నాన్న కాలంలోవే అలాగే ఉండిపోయాయి. కోచ్‌కి ఇదొక పెద్ద దిగులు. ఫుట్‌బాల్ నేర్పేదీ ఆయనే, పరుగులు నేర్పేదీ ఆయనే, నోరు చేసుకునేదీ ఆయనే. "తిండి తినరా మీరు? మీ అమ్మలు పరిగెత్తిన టైము మీరు పరిగెత్తలేరా? మైనపు బొమ్మల్లారా!" అని ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని తిడుతూనే ఉన్నాడు. పిల్లలు తలొంచుకుని తిట్లు తిన్నారు, పెద్దవాళ్లయ్యారు, వాళ్ల పిల్లలొచ్చి అవే తిట్లు తింటున్నారు.

ఇలా ఉండగా స్టేడియానికి కొత్త ట్రాక్ వేస్తారని కబురొచ్చింది. మట్టి తీసేసి ఎర్రటి రబ్బరు ట్రాక్. గీతలు కూడా దానిమీదే రంగుతో వేసేస్తారట, వానకీ ఎండకీ పోవట. సోమవారం పొద్దున మట్టి తవ్వే మిషన్లు వస్తాయి. దానికి ముందు గురువారం నాడు ఉన్నదున్నట్టు కొలుచుకోడానికి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. తలకి టోపీ, మూడుకాళ్ల కొయ్య మీద ఏదో పెట్టె. గడ్డిలో గొట్టం ఎక్కడుందో గీతలాయనే చూపించాడు. ఆ పెట్టె దానిమీద నిలబెట్టి, అమ్మాయి కన్ను పెట్టి చూసి, కాగితంమీద రాసుకుంది. రెండో వంపుకి వెళ్లి మళ్లీ చూసి రాసుకుంది. ఆ పైన పెన్ను నోట్లో పెట్టుకుంది.

"అంకుల్, మీ వంపు ముప్పై సెంటీమీటర్లు ఎక్కువుందండి. ముప్పై ఆరూ యాభై ఉండాలి, ముప్పై ఆరూ ఎనభై ఉంది. రెండువైపులా అంతే. ఎప్పుడూ ఇలాగే గీస్తారా?"

"నీ పెట్టెలో బ్యాటరీ అయిపోయిందేమో చూసుకోమ్మా" అన్నాడు గీతలాయన.

అమ్మాయి నవ్వింది. "పోన్లెండి, ఎలాగూ సోమవారం తవ్వేస్తాంగా. ఒక చుట్టుకి రెండు మీటర్లు ఎక్కువ పరిగెత్తారు మీ ఊరి పిల్లలు. ఒంటికి మంచిదే!"

ఆ అమ్మాయి ఏదో సరదాకి అంది. గీతలాయన అక్కడే నిలబడిపోయాడు. చుట్టుకి రెండు మీటర్లు. ఎనిమిది వందలంటే రెండు చుట్లు. అంతకంటే ముందుకి లెక్క వేయడానికి మనసొప్పలేదు.

మర్నాడు శుక్రవారం, మైదానంలో ఎవరూ లేని మధ్యాహ్నం వేళ స్టోరు గదిలోంచి తాడు తెచ్చాడు. నీలం రంగు నైలాను తాడు. నాన్న వాడింది ఇనపతీగ. నాన్న పని దిగిన ఏడాదే అది తుప్పుపట్టి తెగింది. దాని బదులు ఈయనే ఈ తాడు తెచ్చి, గ్యాలరీ మెట్టు మీద పొడుగ్గా పరిచి, పక్కన ఉక్కు టేపు పెట్టి, ముప్పై ఆరున్నర దగ్గర ముడేసి ఎర్రగుడ్డ కట్టాడు. ఎంత శ్రద్ధగా కట్టాడో ఇప్పటికీ గుర్తే. ఇప్పుడు మళ్లీ అదే మెట్టు మీద పరిచి, అదే టేపు పెట్టాడు. ముడి సరిగ్గా ముప్పై ఆరున్నర మీదే ఉంది. హమ్మయ్య అనుకున్నాడు.

అంతలో ఏదో అనుమానమొచ్చి, గ్యాలరీ నీడలో కునుకు తీస్తున్న కోచ్‌ని కేకేశాడు. "ఆ కొస కాస్త పట్టుకో బావా." వాళ్లిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, కలిసి ముసలివాళ్లవుతున్నారు కాబట్టి బావా అని పిలుచుకుంటారు. కోచ్ కొస పట్టుకున్నాడు. గీతలాయన ఎప్పుడూ వంపు గీసేటప్పుడు ఎలా లాగుతాడో అలా లాగాడు. తాడు బిగిసింది. వేలితో మీటాడు. మోగింది. వంగి టేపు చూశాడు. ఎర్రగుడ్డ ముప్పై ఆరూ ఎనభై మీద కూర్చుంది.

తాడు సాగుతోంది. పరిచి కొలిచినప్పుడు ఒక పొడవు, బిగించి తిప్పినప్పుడు ఒక పొడవు. ఇనపతీగ సాగదు కాబట్టి నాన్న మాట తీగకి చెల్లింది. అదే మాట తాడు విషయంలో కూడా పొల్లుపోకుండా పాటించాడీ కొడుకు. చెప్పిన మాట వినడం కూడా ఒక్కోసారి ఎంత పని చేస్తుందో చూడండి.

కోచ్‌కి విషయం అర్థమవడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక మెట్టు మీద చతికిలబడ్డాడు. "అయితే ఇరవై రెండేళ్లుగా నేను పిల్లల్ని..." అని ఆగిపోయాడు. తర్వాత ఇంకేదో గుర్తొచ్చి మొహం తిప్పి గీతలాయన వైపు చూశాడు. "మీ ఆవిడ పరుగు ఏ ఏడాది?"

"తాడు కొన్న ఏడాదే. తాడు కొన్న మూడో వారం."

ఆ పరుగుకి గడియారం పట్టుకున్నది కోచే. తలకాయ రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి అట్టముక్క మీద లెక్క వేశారు. రెండు చుట్లకీ ఎక్కువైంది మూడు మీటర్ల డెబ్బై ఏడు సెంటీమీటర్లు. నాలుగు మీటర్లకి జానెడు తక్కువ. ఆమె పరిగెత్తిన వేగానికి ఆ దూరం దాటడానికి ఆరు పదోవంతుల పైనే పడుతుంది. ఆమె ఓడింది నాలుగు పదోవంతులతో.

"నెగ్గింది" అన్నాడు కోచ్. "అబ్బ! నెగ్గిందయ్యా ఆ పిల్ల."

కాసేపటికి తనే మళ్లీ అన్నాడు. "ఒక మాట చెప్తాను విను. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. సోమవారం మిషన్లొస్తాయి, మట్టి పోతుంది, గీత పోతుంది, ఈ గొట్టాలూ పోతాయి. ఆ పిల్ల ఇంజనీరుకి నీ భార్యెవరో, ఏ పరుగో తెలీదు. ఇరవై రెండేళ్ల తర్వాత చెప్పి ఏం బావుకుంటావు? చల్లగా ఉన్న కాపురంలో నిప్పులు పోసుకోవడం కాకపోతే!"

గీతలాయన అట్టముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోచ్ చెప్పిందాంట్లో అబద్ధం ఏముంది? సోమవారం దాకా నోరు మూసుకుంటే చాలు. కానీ ఆ సాయంత్రం స్టోరు గదిలో తాడు చుట్టబెడుతుంటే గోడ అవతల నుంచి మాటలు వినిపించాయి. ఎవరో పొడుగుజడ అమ్మాయి, ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తే పిల్ల, నంబరు కుట్టించుకోడానికి వచ్చింది. "చివరి వంపులో వెనక్కి చూడకమ్మా" అంటోంది ఆయన భార్య. "నేను చూశాను. ఇదిగో, చూశావుగా." మిషను చప్పుడు మళ్లీ మొదలైంది. ఆయన తాడు చేతిలో పట్టుకుని సున్నం బస్తా మీద కూర్చుండిపోయాడు. చేయని తప్పుకి ఈ మనిషి తనని తాను ఇన్నేళ్లుగా తిట్టుకుంటోంది, అదీ నవ్వుతూ. తప్పు చేసినవాడేమో వంపు బాగా గీశాడని మెప్పు పొందుతున్నాడు. సిగ్గనిపించింది. భయం కూడా వేసింది. చెబితే ఆమె ఏమంటుందోనని కాదు. తను గీత సరిగ్గా గీసుంటే ఆమె బస్సెక్కి వెళ్లిపోయేది, తన ఇంటికి వచ్చేది కాదు. ఆ సంగతి ఆమెకి కూడా తెలిసిపోతుంది కదా, అదీ భయం.

శనివారమంతా మింగలేక కక్కలేక గడిపాడు. చెప్పాలని మూడుసార్లు షట్టరు దాకా వెళ్లి, సూది కావాలని ఒకసారి, కత్తెర కావాలని ఒకసారి, ఊరికే ఒకసారి వెనక్కొచ్చాడు. రాత్రి కంచం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోకుండా చూస్తున్నాడు. "ఏమైంది అల్లుడుగారికి? తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు" అంది అత్తగారు. భార్య ఏమీ అడగలేదు. ఒక్కసారి తలెత్తి చూసి మళ్లీ వడ్డనలో పడింది. ఆవిడ అడగలేదంటే అడగక్కర్లేకుండానే ఏదో పసిగట్టిందన్నమాట. ఇరవై రెండేళ్ల కాపురం మరి.

ఆదివారం పొద్దున ఆవిడ షట్టరు తీసేసరికి ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు, భుజం మీద తాడుతో, చేతిలో ఉక్కు టేపుతో. పని నేర్చుకునే పిల్లలకి ఆదివారం సెలవు. మాటల్లో చెప్పడం ఆయనకి చేతకాదు. అందుకని పొడవాటి కత్తిరింపు బల్ల మీద టేపు పరిచి, మూడు మీటర్ల మేర తాడు వదులుగా పెట్టి, రెండు చోట్ల సుద్దతో గుర్తు పెట్టాడు. తర్వాత ఒక కొస బల్లకి కట్టి, రెండోవైపు పట్టుకుని బిగించి లాగాడు. సుద్ద గుర్తు రెండు వేళ్లు అవతలికి జరిగింది.

"ఇది నేను వంపు గీసే తాడు" అన్నాడు. "ముడేసింది పరిచి. తిప్పింది లాగి."

ఆవిడ గుర్తుని చూసింది. తాడుని చూసింది. ఇంకెవరికైనా అయితే వివరంగా చెప్పాల్సొచ్చేది. పొద్దున లేస్తే సాగే గుడ్డతోనే బతికే మనిషికి వివరాలెందుకు?

"ఎప్పటి నుంచి?" అంది.

"నీ పరుగుకి మూడు వారాల ముందు నుంచి."

ఆవిడ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. మిషను చక్రం మీద చెయ్యి వేసి అటూ ఇటూ తిప్పింది. ఊరికే.

"ఎంత?"

"రెండు చుట్లకి మూడు మీటర్ల డెబ్బై ఏడు. కోచూ నేనూ లెక్క వేశాం. నువ్వు..." గట్టిగా ఊపిరి పీల్చుకుని చెప్పేశాడు. "నువ్వు నెగ్గావు. టైములోనే వచ్చావు. గీతే దూరంగా ఉంది."

వీధిలో సైకిలు షాపువాడు గాలి కొడుతున్న చప్పుడు. తర్వాత ఆవిడ పెళ్లికి ముందు పిలిచినట్టు పిలిచింది.

"ఏవయ్యా! సాగే సరుకుని వదులుగా కొలిచి, లాగి వాడావా నువ్వు? నా దగ్గరికి పనికి వచ్చే పదిహేనేళ్ల పిల్ల కూడా ఆ పని చెయ్యదే!"

"తెలీలేదు."

"తెలీలేదట!" లేచి షట్టరు దింపేసింది. "పద. చూపించు."

మైదానంలో నలుగురైదుగురు ఫుట్‌బాల్ ఆడుకుంటున్నారు. వాళ్లని దాటుకుని ముగింపు గీత దగ్గరికి వెళ్లారు. ఆయన టేపు తీసి గీత నుంచి వెనక్కి కొలిచాడు. మూడు మీటర్లు, డెబ్బై ఏడు. గుప్పెట్లో సున్నం తీసుకుని అక్కడ అడ్డంగా ఒక గీత గీశాడు. పాతికేళ్లలో మొదటిసారి గీత వంకరొచ్చింది.

ఆవిడ చెప్పులు వదిలేసి ఆ గీత మీద నిలబడింది. అక్కడ నుంచి ముందున్న ముగింపు గీతని చూసింది. మనిషి చాచి వేస్తే రెండడుగులు. వెనక్కి తిరిగి చివరి వంపుని కూడా చూసింది. అప్పుడు ఏడ్చింది. మూడో మెట్టు మీద కూర్చున్న ఆ పదిరోజులూ ఏడవని ఏడుపు.

"వెనక్కి చూసినందుకు కాదన్నమాట" అంది. "ఇన్నేళ్లూ అదే అనుకున్నాను. నిద్రలో కూడా ఆ వంపు దగ్గరే తల తిప్పేదాన్ని. తిప్పకుండా ఉంటే ఎలా ఉండేదో అని... కనిపించిన ప్రతి పిల్లకీ చెప్పాను కదయ్యా, చూడకు చూడకు అని. చూసినా నెగ్గాను! చూసి కూడా నెగ్గాను నేను!"

ఆయన పక్కన నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలీక టేపు చుట్టబెడుతూ. మూడు రోజులుగా గుండెల్లో పెట్టుకు తిరుగుతున్న ప్రశ్న చివరికి బయటికొచ్చింది.

"అప్పుడే తెలిసుంటే వెళ్లిపోయేదానివా?"

"వెళ్లకపోతే? ఆ సాయంత్రం బస్సుకే వెళ్లేదాన్ని. అందులో అనుమానమేముంది?"

"మరి నేను?"

"నువ్వా? నువ్విక్కడే గీతలు గీసుకుంటూ ఉండేవాడివి." కొంగుతో మొహం తుడుచుకుంది. మనసులో ఒకటి పెట్టుకుని నోటితో ఒకటి చెప్పడం ఆవిడకి రాదు. ఆ సంగతి ఆయనకి తెలుసు కాబట్టే అడగడానికి అంత భయపడ్డాడు. జవాబు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తలొంచుకున్నాడు.

"నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసేది కాదు కదూ" అంది ఆవిడ కొంచెం ఆగి. "రేపు అంతా తవ్వేస్తారు."

"తెలిసేది కాదు."

"కోచ్ చెప్పొద్దనే ఉంటాడు."

"అన్నాడు."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "శుభ్రమైన మనిషనే అనుకున్నాను అప్పుడు. వంపు తప్పు గానీ ఆ లెక్క తప్పలేదు." అని చెప్పులు వేసుకుంది. "కోపం పోయిందనుకునేవు. పోలేదు. చాలా కోపంగా ఉంది, చాలారోజులుంటుంది. ముందు పెయింటు డబ్బా తీసుకురా."

డబ్బా, కుంచె, నిచ్చెన తెచ్చేసరికి కోచ్ కూడా వచ్చాడు. వాళ్ల మొహాలు చూసే సంగతి గ్రహించి గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. రికార్డు బోర్డు కింద నిచ్చెన వేస్తుంటే మాత్రం ఉండబట్టలేకపోయాడు. "బోర్డు మీద చెయ్యి వేస్తారా? ఆఫీసులో అడగొద్దూ?"

"నా పరుగు గురించి ఆఫీసుని అడిగేదేంటన్నా? నిచ్చెన పట్టుకో" అంది ఆవిడ. కోచ్ నోరు మూసుకుని నిచ్చెన పట్టుకున్నాడు.

గీతలాయన పైకెక్కాడు. "మహిళలు, 800 మీటర్లు, 2:16.4." ఆ నాలుగు అంకెలూ ఆయన చేత్తో రాసినవే. కుంచె ముంచి కిందికి చూశాడు. "టైము మార్చేస్తాను. రెండు పదిహేను పాయింట్..."

"టైము ముట్టుకోకు!" అని గట్టిగా అరిచింది ఆవిడ. ఫుట్‌బాల్ ఆడేవాళ్లు కూడా ఆగి చూశారు. "ఆ టైము నాది. ఒక్క పదోవంతు కూడా ఎక్కువా తక్కువా లేకుండా అంతే పరిగెత్తాను. దూరం నీది. దూరం సరిదిద్దు."

ఆయన ఎనిమిది వందలు చెరిపేశాడు. తడి ఆరేదాకా నిచ్చెన మీదే కూర్చున్నాడు. ఆ పైన, పెనాల్టీ చుక్క పెట్టేటప్పుడు పెట్టేంత శ్రద్ధగా, ఒక్కో అంకే రాశాడు. 803.77. కోచ్ బుర్ర గోక్కుని, పిల్లలకి చెప్పాల్సింది చాలా ఉందని గొణిగాడు. ఇరవై రెండేళ్ల తిట్లు వెనక్కి తీసుకోవడమంటే మాటలా?

సోమవారం మిషన్లొచ్చాయి. ఇంజనీరమ్మాయి బోర్డు ముందు నిలబడి ఆ అంకె చూసి, "ఇదేం పందెం అంకుల్?" అని అడిగింది. తెలుసుకున్నాక టోపీ తీసి చేతిలో పట్టుకుంది. తవ్వకముందు గొట్టం దగ్గర కొలతలు మళ్లీ ఒకసారి తీసి, కాగితం మీద రాసి, సంతకం చేసి ఇచ్చింది. టైలరమ్మ దాన్ని కత్తిరింపు బల్ల పైన గోడకి మేకు కొట్టి తగిలించింది.

మధ్యాహ్నానికి వంపులు రెండూ పోయాయి. గీతలాయన స్టోరు గదిలో నీలం తాడు చుట్టబెడుతున్నాడు, పారేయాలో ఉంచాలో తేల్చుకోలేక. గోడ అవతల పొడుగుజడ పిల్ల నంబరు గుడ్డ తీసుకోడానికి వచ్చింది. ట్రాక్ తవ్వేస్తున్నారు కాబట్టి ఈసారి పందేలు పక్క ఊళ్లోనట.

"గుర్తుంది పిన్నీ, చివరి వంపులో వెనక్కి చూడను" అంది ఆ పిల్ల, తనే ముందుగా.

మిషను ఆగింది. గీతలాయన చేతిలో తాడు కూడా ఆగింది.

"చూడాలనిపిస్తే చూడవే తల్లీ, ఏం పోదు" అంది ఆయన భార్య. "కానీ పరిగెత్తే ముందు ఆ ఊరి గీతలాయన దగ్గరికెళ్లి, తాడు వదులుగా కొలిచాడో, లాగి కొలిచాడో అడుగు. సిగ్గుపడకుండా అడుగు."